రెండో ప్రముఖ నివాసి

ఇద్దరు ప్రముఖ నివాసులు గావాల్నంట సార్. ఒక్కరైతె సాలదంట. అది గూడ ఏడనో ఉన్న ప్రముఖులు నడ్వరు, నేను ఏ ఏరియాల నోటరీగ కూసుంట అంటున్ననో ఆ ఏరియాలోళ్లే గావాలె. తార్నాకల ప్రముఖులెవరు సార్, మీరే చెప్పుండ్రి. మెట్రో దిగంగనే ఎవ్వరిని ఆపి అడిగినా నేను కాదు, ఎదురింటాయన అంటడు.

పేపరు దించకుండ్రి, పర్వాలేదు. పేపరు ఎనకాల ఉన్నా మాట వినపడ్తది కద. మీరు నాతోని మాట్లాడక తొమ్మిదేండ్లాయె. ఇయ్యాల మాట్లాడుండ్రి అని అడగనీకె రాలే నేను. ఒక్క సంతకం కోసం వచ్చిన. సంతకానికి నోరు అక్కర్లేదు.

అత్తమ్మా, కాఫీ వద్దు నాకు. సరే, ఇయ్యుండ్రి. పొద్దుగాల్నుంచి ఏం తాగలే, ఇంట్ల మీ బిడ్డ శిరీష అడిగితె గూడ వద్దన్న.

మామా అని పిలుద్దామనే అనుకున్న సార్ గేటు తీసేటప్పుడు. మామ అంటె మీరు లేసి లోపలికి పోతరు. సార్ అంటె ఉలకరు, పలకరు, గని కుర్చీలనే ఉంటరు. ఉన్నదాంట్ల గిదే నయం.

సంగతేందంటె, నోటరీలను తీస్కుంటమని సర్కారు నోటిఫికేషన్ ఇచ్చింది. వకీలుగ పదేండ్లు నిండాలె, గది రూలు. నాకు నిండినయ్. పదేండ్లల్ల ఎంత వాదించినవు అంటె అది వేరే ముచ్చట. నేను వాదించిన దినాలకంటె వాయిదా అడిగిన దినాలే ఎక్కువ. రూలుల వాదించాలె అని లేదు సార్, మంచిగ చూసిన. వకీలుగ ఉండాలె అని ఉన్నది. ఉన్న.

అర్జీ ఊకె పెడితె నడ్వదు. దాని మీద ఒక మేజిస్ట్రేటు, ఒక సర్కారీ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఇద్దరు ప్రముఖ నివాసులు సంతకాలు పెట్టాలె. వీడు మాకెరుకే, మంచోడే, వీని చేతికి ముద్ర ఇస్తె ఊరేం మునిగిపోదు అని వాళ్లందరు చెప్పినట్టు. సంబంధం చూసేటప్పుడు గూడ ఇంతమందిని అడగరు కావచ్చు. ఏమో, మన దిక్కు నన్ను ఎవ్వరు చూడలేదాయె.

మేజిస్ట్రేటు మేడం దగ్గరికి లంచ్ టైంల పోయిన. అర్జీ చూసింది, నన్ను చూసింది. మీరు వాయిదా సార్ కద, అన్నది. గదీ ఆ కోర్టుల నా పేరు. అవును మేడం అన్న, ఇగ దాచి ఏం లాభం? నోటరీ అయితె మళ్ల నా కోర్టుకు రారు కదా అని అడిగింది. రాను అని మాటిచ్చిన. మస్తు ఖుషీగ పెట్టింది సార్ సంతకం.

బ్యాంకు మేనేజరు ఒడిశా నుంచి కొత్తగ వచ్చిండు. నువ్వెవరో నాకు తెల్వది అన్నడు హిందీల. స్టూడెంటుగ ఉన్నప్పటి సంది గీ బ్యాంకుల నా ఖాతా ఉన్నది అన్న. కంప్యూటర్ల చూసి, ఖాతా అయితె ఉన్నది గని ఖాతాల ఏం లేదు కద అన్నడు. నిజాయితీపరుడని రాయుండ్రి సార్, అదే రుజువు అన్న. లోను అడగనీకె రాలేదని తెల్సినంక పాపం ఆయన మొఖం ఇప్పారింది. గబగబ పెట్టిచ్చిండు.

వ్యాపారి అంటె మన జిరాక్స్ రాజలింగు. ఆయనను వ్యాపారి అని ఇప్పటిదాంక పిలిచినోళ్లు లేరు. నేను వ్యాపారినా అన్నా, అని రెండుసార్లు అడిగిండు. గిరాకిని అందరిని ఆపి, చేతులు తుడ్సుకొని, పెన్ను కొత్తది తీసిండు. మౌలాలిల ఉన్న మా తమ్మునికి చూపెట్టనీకె ఒక కాపీ తీస్కుంట అన్నడు. మిషిన్ ఆయనదే, తీస్కున్నడు.

మొదటి ప్రముఖ నివాసి వేదవతి మేడం. స్కూలు ప్రిన్సిపాల్‌గ రిటైరయింది, మూడో గల్లీల ఉంటది, మీకెరుకే. సంతకం పెట్టే ముందల అర్జీ మొత్తం చదివి రెండు కామాలు దిద్దింది. దిద్దుకుంట ఒక్క మాట అడిగింది. మీ మామ రాఘవేంద్ర గారు పెట్టారా బాబూ?

పెడ్తరు మేడం, అన్న. అబద్ధం సార్. నోటరీ అర్జీ మీద అబద్ధం ఆడుకుంట సంతకం తీస్కున్న.

ఇగ రెండో ప్రముఖ నివాసి కోసం తిరిగిన చూడుండ్రి, చెప్పులరిగినయ్. ఏ ఇంటికి పోయినా గదే ముచ్చట. మీ మామ కాలనీ సంఘం అధ్యక్షుడు, ఆయన పెట్టిండా? పెట్టలేదా, ఎందుకు పెట్టలే? డాక్టర్ సుదర్శన్ గారైతె పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ల జేబుల పెట్టుకున్నడు. మీ మామకు తెల్వని మనిషి నాకెట్ల తెలుస్తడు భూపాల్, అన్నడు. మంచి పాయింటు. నేను జడ్జినైతె ఆయన దిక్కే తీర్పిస్తుంటి.

బయట గేటు మీద మీ పేరు కింద రాసి ఉన్నది కద, రిటైర్డ్ డిప్యూటీ రిజిస్ట్రార్, పరీక్షల విభాగం అని. క్యాంపస్ల మీ కంట్ల పడకుండ ఎవడన్న పాసయిండా సార్? నా ఎం.ఏ. మెమో మీద గూడ మీ పొట్టి సంతకం ఉన్నది. ఇంట్ల ఫ్రేముల ఉన్నది. అంటె నేను మీకు ఎరుకలేని మనిషిని కాదు. సెకండ్ క్లాసోణ్ని అని మీరే ఎప్పుడో రాసిచ్చిండ్రు. గదే మళ్లొకసారి రాయుండ్రి అంటున్న. ఫస్ట్ క్లాస్ అని రాయమంటలే.

గడువు ఇయ్యాల సాయంత్రమే. కోర్టుల క్లర్కు అయిదు దాటితె తీసుకోడు. ఇప్పుడు మీరు పెడితె నేను బస్సు పట్టుకొని ఆరాంగ పోత.

పెట్టరు. తెల్సు. పేజీ గూడ తిప్తలేరు మీరు. నేనొచ్చినప్పటి సంది గా ఒక్క పేజీనే చూస్తున్నరు, అండ్ల ఉన్నయి చీరల అడ్వర్టైజ్‌మెంట్లు.

మీ మనసుల ఏమున్నదో నాకెరుకే సార్. వీడా నోటరీ? నేను గూడ అద్దం ముందల నిలబడి గదే అడిగిన. నోటరీ ముద్రను నమ్మి పెండ్లయిపోయింది అనుకున్నోడు, ఇప్పుడు గా ముద్రనే నాకియ్యుండ్రి అని తిరుగుతున్నడు.

ఎవడన్న సదువు రానోడు గా పని చేసిండంటె ఒక లెక్క. నేను అప్పటికే వకీలును కద. నల్లకోటు కుట్టించుకొని, పేరు ముందల అడ్వకేట్ అని రాసుకొని తిరుగుతున్నోణ్ని. శిరీష కెమిస్ట్రీ. ఆమెకేం ఎరుక చట్టం? క్యాంపస్ల లైబ్రరీ మెట్ల మీద కూసొని చెప్పిన ఆమెకు, గుడి వద్దు, లొల్లి వద్దు, నోటరీ దగ్గర స్టాంపు పేపరు మీద రాసుకుందాం, చట్టప్రకారం పక్కాగ అయిపోతది అని. చట్టప్రకారం అనే మాట అంత జోరుగ ఇంకెప్పుడు అనలే నేను. కోర్టుల గూడ అనలే.

ఊరి బయట దిక్కు ఎవరో నోటరీ. తల గూడ ఎత్తలేదాయన. ఇద్దరి ఫోటోలు అంటించిండు, ముద్ర కొట్టిండు, మిఠాయి డబ్బా తీస్కున్నడు. నేను కోటు ఏస్కునే పోయిన సార్. పెండ్లికి ఏస్కోనీకె నా దగ్గర అంతకంటె మంచి బట్టలు లేకుండె.

ఆ కాయితం పట్టుకొని సీదా గీ వరండాలకే వచ్చినం. మీరు తిడతరనుకున్న. నెడ్తరనుకున్న. దానికి తయారై వచ్చిన, లోపల డైలాగులు గూడ ఉండె. మీరేమో అద్దాలు పెట్టుకొని చదవనీకె కూసున్నరు. ముందల చదివిండ్రు, ఎనక తిప్పిండ్రు, స్టాంపు ఎవరి పేరు మీద కొన్నరో అది గూడ చూసిండ్రు. శిరీష గోడకు ఒరిగి నిలబడ్డది. అప్పుడన్నరు మీరు. ఇది పెండ్లి కాదు నాయనా. ఇల్లు బాడుగకు తీసుకునేటప్పుడు రాసుకుంటారు చూడు, అట్లాంటిది.

లేసి లోపలికి పోయిండ్రు. నాతోని మీరు మాట్లాడిన ఆఖరి మాట గదే.

బయటోళ్లు ఏమేమో అనుకుంటరు సార్. కులం గాదని అలిగిండంట, తెలంగాణోడని కోపమంట, ఉద్యోగం లేదని అంట. నేను గూడ దోస్తులకు గట్లనే చెప్పుకుంట తిరిగిన. మా మామ కడపాయన, పౌరుషం ఎక్కువ అని. ఇంటోళ్లు ఒప్పుకోని ప్రేమ అంటె హాస్టల్ల ఇజ్జత్ ఉంటది కద. కాయితం తప్పు రాయించుకొచ్చిన అని చెప్తె ఏముంటది? బతుకంత పరీక్షల విభాగంల పనిచేసిన మనిషి, తప్పు కాయితం తెచ్చినోనితోని ఎట్ల మాట్లాడ్తడు. మీరు అలిగింది నా మీద గాదు, నా డ్రాఫ్టింగు మీద.

నవ్వొస్తె నవ్వుండ్రి అత్తమ్మా. తలుపు ఎనక నిలబడి కొంగు అడ్డం పెట్టుకోవుడు ఎందుకు?

తర్వాత పుస్తకం తీసి చూసిన సార్. మీరు అన్నది అన్నట్టే ఉన్నది. నోటరీ ముద్ర పెండ్లిని పుట్టియ్యదు. గా దినమే మళ్లొచ్చి, మీరన్నదే కరెక్టు సార్, తప్పయింది అంటె అయిపోతుండె. శిరీష గూడ గదే అన్నది. నాన్నను సాక్షిగ పిలుద్దాం, మంచిగ రిజిస్టర్ చేస్కుందాం అని. నేను వకీలును, ఒక గుమాస్తా చెప్తె దిద్దుకుంటనా అన్న. గుమాస్తా అన్న సార్ మిమ్మల్ని. డిప్యూటీ రిజిస్ట్రార్‌ను.

ఇగ గట్లనే నడిచింది. సింధూజ పుట్టింది. ఆదివారం ఆదివారం తల్లీబిడ్డలను గేటు దాకా దింపుడు, నేను క్యాంపస్ల తిరిగి సాయంత్రం మళ్లొచ్చుడు. మీరు నాతోని మాట్లాడకపోయినా నా బండికి ఎడమ దిక్కు ఇండికేటర్ వెలుగుతలేదని బిడ్డతోని చెప్పి పంపిస్తిరి. చేపిచ్చిన సార్ ఆ మరునాడే. మీకు చెప్పలేదాయె ఇప్పటిదాంక.

ఇప్పుడు నా పని చూస్తనే ఉంటరు, కూరగాయలకు పోయేటప్పుడు. రాజలింగు జిరాక్స్ ముందల మెట్ల కింద టేబులు. నోటరీ లక్ష్మయ్య సార్, టైపు నేను. వకీలు అని నా బోర్డు గూడ ఉన్నది గాడ. గిరాకోళ్లు దానికి హెల్మెట్ తగిలిస్తరు.

క్యాంపస్ పోరగాండ్లే మా గిరాకి. మెమో పోయింది, అఫిడవిట్. నడ్మ రెండేండ్లు సదువు ఆపేసిన, అఫిడవిట్. హాస్టల్ల లొల్లి చెయ్య, అఫిడవిట్. మొన్న ఒకడు మాణికేశ్వర్ నగర్ నుంచి ఉరికొచ్చిండు. ఇగ సిగరెట్టు ముట్ట అని లవర్‌కు రాసియ్యాలంట. నోటితోని చెప్పు రా అంటె, నోటిమాట నమ్మదు అన్నా, ముద్ర పడితె నమ్ముతది అన్నడు. గా గుండ్రటి ముద్ర మీద జనాలకు ఉన్నంత భక్తి దేవుని మీద గూడ లేదు సార్. అందరు నవ్విండ్రు. నేనెట్ల నవ్వుత? గా భక్తులల్ల నేనే మొదటోణ్ని.

ఎక్కువ వచ్చేది జంటలు. ఫోటోలు పట్టుకొని వస్తరు. ఒక పెండ్లి కాయితం రాసియ్యుండ్రి సార్, అర్జెంటు, అంటరు. అప్పుడు చూడాలె నన్ను. కుర్చీ ఎనకకు జరుపుత, అద్దాలు తీస్త, మొదలుపెడ్త. గిది పెండ్లి కాదమ్మా, ఇల్లు కిరాయికి తీస్కునేటప్పుడు రాసుకుంటరు చూడు, గసుంటిది. మీ మాట సార్. మీ మాటనే, బాడుగ తీసి కిరాయి పెట్టుకున్న. రిజిస్ట్రార్ ఆఫీసుకు పోండ్రి, నోటీసు ఇయ్యుండ్రి, నెల ఆగుండ్రి, సాక్షులు ముగ్గురు గావాలె అని మొత్తం చెప్పి పంపిస్త. లక్ష్మయ్య సార్ మెచ్చుకుంటడు. నువ్వు నోటరీకి పుట్టినవు భూపాల్, అర్జీ పెట్టు అని ఆయనే ఎంబడి పడ్డడు.

గట్లనే ఒక జంట వచ్చింది, చలికాలం పోతున్నప్పుడు. ఆ పిల్ల పేరు పూజ, క్యాంపస్ల పీహెచ్‌డీ చేస్తది. నా ప్రసంగం అంత మంచిగ విన్నది. నోట్‌బుక్కుల గూడ రాసుకున్నది. అయినంక లేసుకుంట అడిగింది. మీది ఏ ఆఫీసుల అయ్యింది సార్?

కుషాల్‌గ అడిగింది సార్ పాపం. ఆఫీసు మంచిదైతె వాళ్లు గూడ గాడికే పోదామని.

ప్రింటరు ఇరికింది అన్న నేను. వంగి ప్రింటరు మూత తీసి, అండ్ల మొఖం పెట్టి, వాళ్లు పోయేదాంక లేవలే.

ఇంటికి పోయి శిరీషకు చెప్పిన, నవ్వుతదనుకొని. నవ్వలే. స్టవ్ బంద్ చేసింది. సింధూజ స్కూలు ఫారంల తల్లిదండ్రులకు పెండ్లయిందా అని అడిగితె ప్రతిసారి అవును అని నేనే టిక్కు పెడ్తున్న, నువ్వొకసారన్న ఆ ఫారం చూసినవా అన్నది. చూడలే సార్. ఊళ్లె వాళ్ల ఫారాలన్ని చూస్త నేను.

గందుకనే... ఒక్క నిమిషం. చేతుల తీస్కోకుండ్రి ఇప్పుడే. అర్జీ కింద ఇంకో కాయితం ఉన్నది. అది నేను చెప్పినంక చూడుండ్రి.

మేము నోటీసు ఇచ్చినం సార్. రిజిస్ట్రార్ ఆఫీసుల. పెండ్లి చేస్కోబోతున్నం అని. నెల దినాలు బోర్డుకు ఏలాడింది మా ఇద్దరి పేరు, పక్కన కొత్త జంటల నోటీసుల నడ్మ. రెండో క్లాసు సదివే బిడ్డ ఉన్నోళ్లం. ఆడ ప్యూను అడిగిండు నన్ను, ఎవరి తరఫున వచ్చిండ్రు సార్, పిల్ల తరఫునా పిల్లగాని తరఫునా అని. పిల్లగాణ్ని నేనే బై అన్న.

దినాం పోయి చూసిన, ఎవరన్న అభ్యంతరం పెట్టిండ్రా అని. సచ్చినంత ఒట్టు సార్, మీరు పెడ్తరనుకున్న. పెట్టినా బాగుండు అనిపించింది ఒక దినం. కాయితం మీదనన్న నాకు ఒక ముక్క రాసినట్టు ఉంటుండె. ఎవ్వరు పెట్టలే. నెల దాటింది, ఇగ ఎప్పుడన్న రావచ్చు అన్నరు ఆఫీసోళ్లు. సాక్షులతోని.

రాజలింగు సాక్షికి ఒప్పుకున్నడు, వ్యాపారి అయినంక ఆయన దేనికైనా తయారే. రెండో సాక్షి అత్తమ్మ. మీకు చెప్పలేదు కావచ్చు, ఆమె ఎప్పుడో ఒప్పుకున్నది. మూడో సాక్షిగ ఎవరినన్న పట్టుకొస్త అన్న నేను, క్యాంపస్ల మస్తుమంది ఉన్నరు. శిరీష వద్దన్నది. మా నాన్న అయితెనే, లేకుంటె ఉన్నట్టే ఉందాం అన్నది. కోపంగ అనలే. బట్టలు మడత పెట్టుకుంట అన్నది.

చూడుండ్రి సార్ ఇప్పుడు. పైది నోటరీ అర్జీ. కిందిది సాక్షుల కాయితం, మూడో గీత దగ్గర పెన్సిల్‌తోని టిక్కు పెట్టిన.

నోటరీ సాకు కాదు సార్. అది గూడ గావాలె నాకు. ముద్ర ఒకటి చేతికొస్తె, ఇంత దినం వాయిదాలతోని బతికినోడు రోజుకు నాలుగు పనులన్న పూర్తి చేస్తడు. శిరీష గెస్ట్ లెక్చరర్ జీతం మీద ఇల్లు నడుస్తున్నది, అది మీకెరుకే. నాకు సిగ్గుగ ఉంటది. మస్తు సిగ్గుగ ఉంటది సార్, పైకి నవ్వుత గని.

అయినా, ఇయ్యాల మీ చేతి నుంచి ఒక్క సంతకం కంటె ఎక్కువ రాదు అనుకుంటె, పైది తీసి పక్కకు పెట్టుండ్రి. కింద దాని మీద పెట్టుండ్రి. గంతే నేను అడగనీకె వచ్చింది. ఇంతసేపు చుట్టు తిరిగి చెప్పిన, అలవాటు.

పెన్ను ఇగో. మూత తీసే ఉన్నది.

...

ఏమన్నరు సార్?

లేదు, వినపడ్డది. మళ్లొకసారి అంటరేమో అని అడిగిన. మీ గొంతు మరిచిపోయిన నేను.

ఆఫీసర్ ఎదురుగా కదా పెట్టాల, ఇంట్లో పెడితే ఏం చెల్లుతుంది. గదే కద అన్నది మీరు?

అవును సార్. సాక్షి సంతకం ఆఫీసర్ ముందలనే పెట్టాలె. నేను దినాం చెప్తా గా జంటలకు, సాక్షులను ఎంబడి తీస్కపోండ్రి, ఇంట్ల రాయించుకొస్తె చింపేస్తరు అని. నేనేమో టిక్కు గూడ పెట్టుకొని, పెన్ను మూత తీసుకొని, మీ వరండాల నిలబడ్డ. మళ్ల గిదే వరండాల. మళ్ల తప్పు కాయితమే.

అత్తమ్మా, నవ్వుడు ఆపుండ్రి జర. నాకు గూడ వస్తున్నది.

సార్, లేస్తున్నరేంది? లోపలికి... చొక్కానా? ఇస్త్రీదా? ఇప్పుడేనా? రిజిస్ట్రార్ ఆఫీసు పదిన్నరకు తీస్తరు. శిరీష క్యాంపస్ల ఉన్నది, క్లాసు అయిపోంగనే వస్తది. ఫోన్ చేస్త. రాజలింగును షట్టర్ దించి రమ్మంట. మీ ఆధార్ అసలుది పట్టుకోండ్రి, జిరాక్స్ నడ్వదు. అది మీకెరుకే. సరే, మీకెరుకే.

ఇయ్యాలనే అంటరా? లేదు లేదు, అభ్యంతరం లేదు. గాడ లైన్ పెద్దగ ఉంటది, మూడు నాలుగు అయితది, గప్పుడు కోర్టు దాకా పోయే టైం ఉండదు అని... ఏం లేదు సార్. ఇయ్యాలనే.

మరి పోయే ముందల గీ అర్జీ మీద ఒక్క సంతకం? ఇది ఇంట్ల పెట్టొచ్చు. దీనికి ఆఫీసర్ అక్కర్లేదు. ఎవరినన్న దోస్తును పంపి ఇప్పిచ్చేస్త, అయిదు లోపల అందుతది.

ఎందుకు మడుస్తున్నరు సార్?

...

ఏ సంతకం ఎక్కడ పెట్టాల్నో తెలియనోనికి ముద్ర ఇయ్యమని నేను ఎట్ల రాసేది, అంటున్నరు.

ఇది గూడ మంచి పాయింటే. ఇటు ఇయ్యుండ్రి, మడత నలగకుండ పెట్టుకుంట. మళ్ల నోటిఫికేషన్ ఎప్పుడు ఇస్తరో ఎవరికెరుక, అప్పటిదాంక లక్ష్మయ్య సార్ పక్కన టైపు కొట్టుకుంట ఉంట. మేజిస్ట్రేటు మేడంకు మాత్రం ఎట్ల చెప్పాల్నో, మళ్ల మీ కోర్టుకే వస్తున్న అని.

పాండ్రి మామా, ఆటో పిలుస్త. పదిన్నరకు నేను పెండ్లికొడుకును, అయిదు గంటలకు గడువు దాటిన అర్జీదారును. రెండూ మీ చేతుల మీదనే అయితున్నయి.